తీరజీవుల గుర్తింపు: ఫోటో సరిపోతుందా, సీసాలో నమూనా ఉండాల్సిందేనా?

రాతితీరం:
విశాఖలో తెన్నేటి పార్కు కింది రాళ్లు, జోడుగుళ్లపాలెం, రుషికొండ, ఇటు యారాడ, అటు భీమిలి... నీరు తీసినప్పుడు బయటపడే రాతి తీరమంతా కలిపినా చాలా చిన్న జాగా. పున్నమికీ అమావాస్యకీ కూడా ఇక్కడ నీరు సుమారు ఒకటిన్నర మీటరుకు మించి ఎక్కిదిగదు. ఆ సన్నటి పట్టీ మీదే జంతుశాస్త్రం విద్యార్థులు బకెట్లతో దిగుతున్నారు. నలభై మంది తలా అయిదు జీవుల్ని సీసాలో వేస్తే ఒక్క పూటలో రెండు వందలు పోయినట్టే. 2014లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) డిగ్రీ, పీజీ తరగతుల్లో జంతువుల్ని కోయడం మానెయ్యమంది. మరి సేకరణ మాత్రం ఎందుకు సాగాలి?

నా వాదన ఇది: గుర్తింపు నేర్పడానికి ఫోటోలు చాలు. కాకపోతే ఫోటో అంటే పైనుంచి ఒక్క క్లిక్కు కాదు. పీతకి కనీసం అయిదు కావాలి: పెంకు పైభాగం, కింద పొట్ట మడత, కళ్ల మధ్య నుదురు, రెండు డెక్కలూ బయటివైపు, అవే లోపలివైపు. నత్తకి నోరు మనవైపు తిప్పి ఒకటి, వెనక ఒకటి, మొన ఒకటి, మూత ఉంటే దానిది ఒకటి. ప్రతి ఫోటోలో స్కేలు కనపడాలి. ఏ మట్టంలో దొరికిందో రాసుకోవాలి, ఎందుకంటే అన్నిటికన్నా పైన బతికే చిట్టి నత్తలు, వాటి కింద రాతికి అతుక్కుని పెంకుల్లో ఉండే బార్నకిల్స్, ఇంకా కింద రాతి ఆల్చిప్పలు, ఈ వరసే సగం గుర్తింపు. ఎత్తిన రాయిని ఎత్తినవైపే తిరిగి పెట్టాలి. బోర్లా వదిలేస్తే అడుగున అంటుకున్నవన్నీ ఎండకి చస్తాయి.

పీతడెక్క:
రాతితీరం గారూ, మీ బాధ న్యాయమైనదే. కానీ ఫోటోలతో నేర్చుకున్నవాళ్ల జాబితాల్లో తప్పులు ఎక్కడ వస్తున్నాయో చూడండి. మన నీలం ఈత పీతని అందరూ పోర్చునస్ పెలాజికస్ అని రాసేస్తారు. 2010లో ఆ ఒక్క పేరు కిందున్న వాటిని నాలుగు జాతులుగా విడగొట్టారు. బంగాళాఖాతంలో మన వైపు దొరికేది ఎక్కువగా పోర్చునస్ రెటిక్యులేటస్. మగపీతకి పెంకు మీద చుక్కల తీరు సాయం చేస్తుంది. ఆడపీతా, పిల్లపీతా అయితే ఫోటో చూసి తేల్చడం కష్టం. మగదాని పొట్ట మడత తెరిచి మొదటి జత గోనోపాడ్ (జతకూడడానికి వాడే కాలు) ఆకారం చూస్తే తప్ప ధైర్యంగా పేరు రాయలేం.

ఇసుక మీద పరుగెత్తే ఆసిపోడ్ పీతల సంగతీ అంతే. కళ్ల మీద కొమ్ము ఉందా లేదా అని చూసి తేల్చేస్తారు. చిన్న పీతలకి ఆ కొమ్ము పొట్టిగా ఉంటుంది, అసలు ఉండకపోవచ్చు కూడా. దాన్ని కొమ్ము లేని ఆసిపోడ్ కార్డిమానా అనుకుంటే తప్పులో కాలేసినట్టే. సరైన గుర్తు పెద్ద డెక్క అరచేతి లోపలి వైపున్న గరుకు గీత, శబ్దం చేయడానికి వాడేది. కార్డిమానాకి ఆ గీత ఉండదు. మిగతా జాతుల్లో దాని మీద బుడిపెలున్నాయా, సన్నటి గీతలున్నాయా అన్నదే తేడా. పరుగెత్తే పీతకి జూమ్ పెట్టి తీసిన ఫోటోలో ఇది రాదు.

రాతితీరం:
చేత్తో పట్టుకుని డెక్క విప్పి 10 రెట్ల భూతద్దంతో చూసి, ఫోటో తీసి వదిలెయ్యొచ్చు కదా? చంపాల్సిన పనేముంది? మండపీతలే తీసుకోండి. స్కిల్లా సెరాటాకి నుదుటి పళ్లు ఎత్తుగా, మొనదేలి ఉంటాయి, డెక్క మణికట్టు బయటివైపు రెండు ముళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. స్కిల్లా ఒలివాసియాకి నుదుటి పళ్లు పొట్టిగా గుండ్రంగా ఉంటాయి, మణికట్టు మీద ఉంటే ఒక మొద్దు ముల్లు. 1998లో ఈ ప్రజాతిని (జీనస్‌ని) సరిచేసిన తర్వాత కూడా మనవాళ్లు కనపడ్డ ప్రతిదాన్నీ సెరాటా అనే రాశారు. తప్పు వచ్చింది నమూనా లేక కాదు, గుర్తు ఎక్కడుందో తెలియక. తెలిస్తే బతికున్న పీత మీదే కనిపిస్తుంది.

పీతడెక్క:
మండపీత విషయంలో మీ మాట ఒప్పుకుంటాను. పెంకు అంచు పళ్లు లెక్కపెట్టడం కూడా బతికుండగానే చెయ్యొచ్చు: ఈత పీతల ప్రజాతుల్లో పోర్చునస్‌కి పక్కకి తొమ్మిది, కారిబ్డిస్‌కి ఎక్కువగా ఆరు, థాలమిటాకి నాలుగో అయిదో. విద్యార్థి మొదటి రోజు నేర్చుకోవాల్సింది ఇదే.

జల్లెడ:
ఇద్దరూ పీతల దగ్గరే ఆగిపోయారు. తీరమంటే పీతలూ గవ్వలే కాదు. అడిగిన ప్రశ్నకి జీవిని బట్టి జవాబు పూర్తిగా మారిపోతుంది, నాకు తోచినంతలో రెండు కొసలూ చెప్తాను.

ఒక కొస, నెరీడ్ పురుగులు, అంటే ఒళ్లంతా ఖండాలుగా, ఖండానికో జత పక్కకాళ్లతో ఉండే సముద్రపు పురుగులు. రాతి పగుళ్లలో, ఆల్చిప్పల మధ్య దొరికే పెరినెరీస్ అనే ప్రజాతిని ఎంత మంచి కెమెరాతో తీసినా ఉపయోగం లేదు. గుర్తు గొంతులో ఉంటుంది. గొంతు బయటికి తిరగబడితే దాని మీద నల్లటి పళ్లు ఎనిమిది భాగాలుగా కనిపిస్తాయి. ఆరో భాగంలో అడ్డపట్టీ ఒక్కటే ఉందా, వరసగా చాలా ఉన్నాయా అన్న దాన్ని బట్టే కల్ట్రిఫెరా, నుంటియా గుంపులు విడిపోతాయి. గొంతు బయటికి రావాలంటే పురుగుని ముందు మత్తులో పెట్టాలి. లీటరు మంచినీటికి సుమారు 73 గ్రాముల మెగ్నీషియం క్లోరైడ్ స్ఫటికాలు కలిపితే ఉప్పదనం సముద్రపు నీటికి సరితూగుతుంది. ఆ ద్రావణం సగం, సముద్రపు నీరు సగం కలిపి పురుగుని అందులో ఉంచాలి. సూదితో తాకినా కదలనప్పుడు తల వెనక వేలితో మెల్లగా ఒత్తుతూ ఫార్మాలిన్‌లోకి మార్చాలి. తొందరపడి నేరుగా ఫార్మాలిన్‌లో పడేస్తే ముడుచుకుపోయి ముక్కలవుతుంది, గొంతు లోపలే ఉండిపోతుంది. అప్పుడు ఆ జీవి చచ్చిందీ వృథా, మన శ్రమా వృథా. తర్వాత ముందువైపు పదో ఖండం దగ్గరా, నడిమి భాగంలోనూ ఒక్కో పక్కకాలు కోసి గ్లిసరిన్‌లో స్లైడు కట్టాలి.

స్పంజికలదీ ఇదే దారి. రంగు, ఆకారం రెండూ మోసం చేస్తాయి. ఒకే స్పంజిక అల తగిలేచోట పొరలా, నీడలో వేళ్లలా పెరుగుతుంది. పైచర్మం, లోపలి కండ రెండూ కలిసొచ్చేలా రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క చాలు, మొత్తం పీకనక్కర్లేదు. పరీక్షనాళికలో బట్టల బ్లీచు పోసి కండ కరిగేదాకా ఉంచి, అడుగున మిగిలిన సూదుల్ని (స్పంజిక అస్థిపంజరపు ముక్కల్ని) నీటితో మూడు నాలుగు సార్లు కడగాలి. ప్రతిసారీ పావుగంటైనా కదపకుండా వదలాలి. ఇక్కడే చాలామంది పాడుచేస్తారు. వెంటనే వంచేస్తే పెద్ద సూదులు మిగిలి, జాతిని చెప్పే చిన్న సూదులు నీటితో పోతాయి. పాత నాళికే వాడితే నిన్నటి స్పంజిక సూదులు ఇవాళ్టి దాంట్లో కనపడి కొత్త జాతి దొరికిందన్న భ్రమ కలుగుతుంది.

రెండో కొసలో సీసా పనికిరాదు. ఇసుక రేణువుల మధ్య బతికే జీవుల మీద 1960ల్లో ఆంధ్రా విశ్వవిద్యాలయంలో పి.ఎన్. గణపతి, జి. చంద్రశేఖర రావు గార్లు వాల్తేరు తీరంలో గట్టి పని చేశారు. ఆ జీవుల్లో గాస్ట్రోట్రిక్ అనే కంటికి ఆనని జీవిలాంటి వాటిని బతికుండగా మైక్రోస్కోపు కింద చూడాల్సిందే. ఫార్మాలిన్‌లో కుంచించుకుపోయి, అవి ఇసుకని పట్టుకునే అంటుడు గొట్టాలు లెక్కకి రావు. పద్ధతి చాలా సులువు. గుప్పెడు తడి ఇసుక మునిగేలా మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణం పోసి పది నిమిషాలు ఆగి, గుండ్రంగా తిప్పి, ఇసుక దిగిన రెండు మూడు సెకన్లలో పైనీటిని 63 మైక్రాన్ల జల్లెడ మీద వంచాలి. జల్లెడలో మిగిలింది సముద్రపు నీటితో కడిగి పెట్రీ డిష్‌లోకి దించాలి. కుళాయి నీటితో కడిగితే అన్నీ ఉబ్బి పగిలిపోతాయి. ఇసుక తెచ్చే డబ్బాని ఎండలో ఆపిన కారులో పెట్టకండి.

ఉప్పుసీసా:
సేకరించాలా వద్దా అని వాదించుకుంటున్నాం గానీ, సేకరించిన వాటిలో ఎన్ని పనికొచ్చే స్థితిలో ఉంటాయో అడగాలి. సీసాలో నమూనా ఉన్నంత మాత్రాన సాక్ష్యం అయిపోదు.

ఫార్మాలిన్ రోజులు గడిచేకొద్దీ పులుస్తుంది, ఫార్మిక్ ఆమ్లం పుడుతుంది. అందులో వదిలేసిన నత్త పెంకు మెరుపు పోయి సుద్దలా అవుతుంది, బ్రిటిల్ స్టార్ (సన్నటి చేతుల నక్షత్ర జీవి) ముళ్లు కరిగిపోతాయి. గాఢ ఫార్మాలిన్ లీటరుకు 20 గ్రాముల బోరాక్స్ వేసి ఉంచుకుని, అందులో ఒక వంతుకి తొమ్మిది వంతుల సముద్రపు నీరు కలపాలి. మెత్తటి జీవులకి ఒకటి రెండు రోజులు చాలు, కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. 95 శాతం ఆల్కహాల్ 70 మిల్లీలీటర్లు తీసుకుని నీటితో 95 దాకా నింపితే 70 శాతం వస్తుంది. స్పంజికల్ని అసలు ఫార్మాలిన్‌లో వేయొద్దు, నేరుగా ఆల్కహాలే. పీతల్ని ముందు ఫ్రీజర్‌లో చల్లబరచాలి, లేకపోతే కాళ్లన్నీ తెంపేసుకుంటాయి. డీఎన్ఏ కోసం ఏ ఫార్మాలినూ తగలకముందే ఒక కాలి కొస 95 శాతం ఆల్కహాల్‌లో విడిగా దాచాలి. ఫార్మాలిన్ క్యాన్సర్ కారకం, తలుపులు మూసిన గదిలో నలభై మంది పిల్లల మధ్య ట్రేలు తెరిచే అలవాటు వెంటనే మానాలి.

ఇక చీటీ. పెన్సిలుతోగానీ ఇండియన్ ఇంకుతోగానీ రాసి సీసా లోపల వెయ్యాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో నెలలోపే కరుగుతుంది, సీసా బయట అంటించింది ఊడిపోతుంది. చోటు, తేదీ, ఆటు మట్టం, రాయా ఇసుకా, సేకరించినవారి పేరు, ఇవి లేకుండా ఎంత అందమైన నమూనా అయినా ఎందుకూ పనికిరాదు.

హార్బర్‌గట్టు:
రాళ్ల మీద జీవుల్ని ముట్టుకోకుండా మార్గం ఒకటుంది. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ట్రాలర్లు దించే చెత్త చేపల కుప్పల్లో పీతలు, మాంటిస్ రొయ్యలు, నక్షత్ర చేపలు, శంఖాలు ఎప్పుడూ ఉంటాయి. ఎలాగూ చచ్చినవే. తరగతికి కావాల్సినవి అక్కడే తెచ్చుకోవచ్చు. కోన్ నత్త కనపడితే మాత్రం చేత్తో ఎత్తొద్దు, జేబులో అసలు వెయ్యొద్దు. బతికుంటే దాని విషపు బాణం గుడ్డలోంచి కూడా దిగుతుంది.

పీతడెక్క:
పీత భాగాలు నేర్పడానికి హార్బర్ కుప్పని మించింది లేదు. అయితే రెండు చిక్కులున్నాయి. ట్రాలర్ ఎక్కడ, ఎంత లోతున వల లాగిందో కుప్పలో తెలియదు కాబట్టి అది తీరపు జాబితాకి ఎక్కదు. రెండోది, సముద్రగుర్రాలు, సముద్ర దోసకాయలు, రాతి పగడాల వంటి వాటిని 2001లో వన్యప్రాణి చట్టం జాబితాల్లో చేర్చారు. చచ్చి కుప్పలో ఉన్నా తీసుకోకూడదు. సరదాగా తెచ్చుకుని షోకేసులో పెట్టే విద్యార్థికి ఈ సంగతి ముందే చెప్పాలి.

మనిషికి అయిదు అనే పద్ధతి తప్పని రాతితీరం గారితో నేనూ అంటాను. తరగతి మొత్తానికి, ఒక చోటికి, ఒక జాతికి ఒకటి రెండు చాలు. అదీ బతికున్నదాని ఫోటో తీశాక. రంగు ఆల్కహాల్‌లో నిలవదు కాబట్టి ఫోటో లేని నమూనా కూడా సగమే.

రాతితీరం:
పురుగులు, స్పంజికలు, ఈత పీత మగది ఒకటి, వీటికి నమూనా కావాలని ఒప్పుకుంటున్నాను. జల్లెడ గారు చెప్పిన గొంతు సంగతికి నా దగ్గర ఎదురు జవాబు లేదు. న్యూడిబ్రాంకుల్ని (పెంకు లేని రంగురంగుల సముద్రపు నత్తల్ని) మాత్రం వదలండి. సీసాలో పడ్డ రోజే రంగు పోయి బూడిద ముద్ద అవుతాయి. తరగతి స్థాయికి ఫోటోయే నయం.

నత్తల మీద కూడా నా మాట మార్చుకోను. పెంకు బయటే ఉంటుంది, ఒడ్డున ఖాళీ పెంకులు కావలసినన్ని దొరుకుతాయి. బతికున్నదాన్ని ఉడకబెట్టి కండ లాగే పని తరగతిలో ఎందుకు?

ఉప్పుసీసా:
ఖాళీ పెంకు ఆ జీవి అక్కడ బతికిందని చెప్పదు. అల తెచ్చి ఉండొచ్చు, సన్యాసి పీత మోసుకొచ్చి ఉండొచ్చు. జాబితాలో "ఖాళీ పెంకు" అని విడిగా రాస్తే అభ్యంతరం లేదు. మడ చెట్ల మీది లిట్టొరేరియా నత్తలకి మాత్రం పెంకు చాలదు, ఒకే జాతిలో పసుపు, గోధుమ, గులాబీ రంగులు కలిసి ఉంటాయి. మగదాని పురుషాంగం ఆకారం చూస్తేగాని కొన్ని జాతులు విడిపోవు. కోరింగ మడల్లో పని పెట్టుకునేవాళ్లు ముందు అటవీ శాఖ అనుమతి తీసుకుని, ఏ సీసా ఏ మ్యూజియం బీరువాలో ఉంటుందో, ఆల్కహాల్ ఎవరు నింపుతూ ఉంటారో కాగితం మీద రాసుకుని వెళ్లాలి.

రాతితీరం:
కోరింగకి ఒప్పుకుంటాను. తెన్నేటి పార్కు రాళ్ల మీద చిట్టి నత్తలకి ఒప్పుకోను. అక్కడికి ప్రజాతి పేరు దాకా వెళ్లి ఆగమందాం. జాతి పేరు గడి ఖాళీగా ఉంచినందుకు విద్యార్థికి మార్కులు తగ్గించకూడదు.