పోయిన కారు తాళంచెవికి నకలు: షోరూమా, జేసీ రోడ్డా?

వైట్‌ఫీల్డ్ వాసి
పోయిన శనివారం బెంగళూరు మెజెస్టిక్‌లో కారు తాళంచెవి పారేసుకున్నాను. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కారు కాదు, తాళం తిప్పేదే. కానీ చిప్ ఉంది. ఇంట్లో రెండోది ఉండబట్టి బండి ఆగలేదు. షోరూంలో 11 వేలు, 12 రోజులు అన్నారు. జేసీ రోడ్డులో తాళంచెవులు చేసే ఒకాయన 4 వేలకు గంటలో చేసిస్తానంటున్నాడు. అంత సులువైతే దొంగకూ సులువే కదా అని నా భయం. షోరూం అంచనా చూసిన మా ఆవిడ, అసలు దొంగ ఎవరని అడుగుతోంది.

నెల్లూరాయన
షోరూమే. ఇందులో చర్చ ఏముంది? రేపు కారు పోతే బీమా వాళ్లు రెండు తాళంచెవులూ తెమ్మంటారు. బజారు నకలు చూపిస్తే కొర్రీలు వేయకుండా ఉంటారా?

పాతబండి
అసలుది పోయాక షోరూం ఇచ్చేదీ నకలే కదండీ. పోలీసులకు ఫిర్యాదు, బీమా సంస్థకు ఒక ఈమెయిల్, ఈ రెండూ ఎక్కడ చేయించినా తప్పవు.

ఈసీఈ పంతులు
మీ ఇద్దరూ ఇనుప ముక్క గురించి పోట్లాడుకుంటున్నారు. అసలు సంగతి తాళంచెవి తలలో ఉన్న చిప్‌ది. దానికి బ్యాటరీ ఉండదు. ఇగ్నిషన్ చుట్టూ ఒక తీగచుట్ట ఉంటుంది. అది 125 కిలోహెర్ట్జ్ దగ్గర పంపే తరంగాల శక్తితోనే చిప్ మేలుకుంటుంది. రిమోట్ బ్యాటరీ చచ్చినా బండి కదిలేది అందుకే. కారు ఒక సంఖ్య విసురుతుంది. చిప్ దాన్ని తన రహస్య సంఖ్యతో కలిపి లెక్క కట్టి జవాబు చెబుతుంది. ప్రతిసారీ ప్రశ్న మారుతుంది కాబట్టి ఇవాళ్టి జవాబును దొంగిలించినా రేపు పనికిరాదు. జవాబు తప్పితే ఇంజన్ నడవదు.

అలాగని కంపెనీలన్నీ ఈ లెక్కను గట్టిగా కట్టాయని కాదు. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీ చిప్‌లో రహస్య సంఖ్య పొడవు 40 బిట్లే (0, 1 అంకెలే) కావడంతో 2005లో జాన్స్ హాప్‌కిన్స్, ఆర్‌ఎస్‌ఏ ల్యాబ్స్ పరిశోధకులు దాన్ని ఛేదించి చూపించారు. కార్ల తాళంచెవుల్లో వాడే మెగామోస్ అనే మరో చిప్ లోపాలపై రాసిన పరిశోధన పత్రాన్ని 2013లో ఫోక్స్‌వ్యాగన్ బ్రిటన్ కోర్టుకు వెళ్లి ఆపించింది. అది 2015లో గాని వెలుగు చూడలేదు. షోరూం అద్దాలు చూసి భద్రత అనుకోవద్దనే ఇదంతా చెబుతున్నాను.

జేసీ రోడ్డు ఆయనను ఒక్కటే అడగండి: మీ దగ్గరున్న చిప్‌కు అచ్చు నకలు దించుతాడా, కొత్త చిప్‌ను కారు గుర్తుపట్టే చిప్‌ల జాబితాలో చేరుస్తాడా? అచ్చు నకలైతే కారుకు తేడా తెలియదు, పోయినది జాబితాలో అలాగే ఉంటుంది. మెజెస్టిక్‌లో ఎవరికి దొరికిందో వాళ్లు మీ కారును దర్జాగా నడుపుకొని వెళ్లవచ్చు. చాలా మోడళ్లలో జాబితాను కొత్తగా రాస్తే, ఆ సమయానికి చేతిలో లేని తాళంచెవులన్నీ చెల్లకుండా పోతాయి. మీకు కావలసింది అదే.

కోరమంగళ కబుర్లు
తిప్పే తాళం ఉన్నందుకు సంతోషించండి. మా బటన్ కార్లకు ఎవరూ ఏ లెక్కా ఛేదించనక్కర్లేదు. ఇంట్లో ఉన్న తాళంచెవి సంకేతాన్ని కారు దాకా మోసుకొస్తే చాలు. 2011లోనే స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్లు 10 మోడళ్ల మీద చేసి చూపారు.

పాతబండి
అది వేరే గొడవ, మళ్లీ చూద్దాం. పంతులు గారూ, చిప్ చెల్లకపోయినా ఇనుము చెల్లుతుందిగా! తలుపు తాళంలో పలుచటి ఇత్తడి పలకలుంటాయి. తాళంచెవి మీది గాడి వాటిని సరైన ఎత్తుకు తెస్తే సిలిండర్ తిరుగుతుంది, అంతే. దానికి చిప్‌తో పనిలేదు. పక్కన వంకర గాడి ఉన్నవాటిని లేజర్ కట్ అంటారు గాని, చెక్కేది మామూలు మిల్లింగ్ యంత్రమే. సిలిండర్ మార్చకపోతే కారు పోదు, కారులోని సంచీ పోతుంది.

నెల్లూరాయన
సరే, చిప్ చేర్చే పరికరంలో ఈయన కారు వివరాలు ఉండిపోతే? వారం తర్వాత ఆ మనిషే ఇంకొకటి చేసుకోడని ఏమిటి హామీ?

ఈసీఈ పంతులు
న్యాయమైన ప్రశ్నే. షోరూం కుర్రాడి చేతిలోనూ అలాంటి పరికరమే ఉంటుంది. తేడా రశీదు దగ్గర.

వైట్‌ఫీల్డ్ వాసి
పని అయిపోయింది. పాతదాన్ని చెరిపేస్తారా అని షోరూంలో అడిగితే, కౌంటర్‌లో ఉన్నాయన లోపలికి వెళ్లి అరగంట తర్వాత వచ్చి "అవసరం లేదు సార్" అన్నాడు. జేసీ రోడ్డు ఆయన ముందు ఆర్సీ, ఆధార్ చూపించమన్నాడు. ఇంటి తాళంచెవి, కొత్తది రెండూ పెట్టించి జాబితా తిరగరాశాడు. తెరమీద 2 అని చూపించాకే డబ్బులు తీసుకున్నాడు. సిలిండర్ ఇంకా మార్చలేదు. ల్యాప్‌టాప్ సంచీ మాత్రం రోజూ ఇంట్లోకి మోస్తున్నాను.

నెల్లూరాయన
రశీదు ఇచ్చాడా?

వైట్‌ఫీల్డ్ వాసి
తెల్లకాగితం మీద రాసిచ్చాడు. కన్నడంలో.