సెస్నా 172లో ఎదురుగాలికి స్పీడ్ ఎంత పెంచితే లాభం?

అన్నలూ, మాది కర్నూలు, ట్రైనింగ్‌లో సెస్నా 172ఎస్ (నాలుగు సీట్ల చిన్న విమానం) నడుపుతాండా, క్రాస్ కంట్రీ (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోయే ఫ్లైట్) ప్లానింగ్‌లో ఒక లెక్క తెగట్లే. వాడుకోవడానికి వచ్చే ఫ్యూయల్ 53 గ్యాలన్లు, బెస్ట్ గ్లైడ్ (ఇంజన్ ఆగితే ఎక్కువ దూరం జారిపోయే స్పీడ్) 68 నాట్లు, గాలి లేకుంటే దాని దగ్గర్లో పోతేనే దూరం ఎక్కువ వస్తుందంటారు, కానీ అట్లా పోతే ఊరు చేరేసరికి తెల్లారుతుంది, అందుకే దానికి 1.32 రెట్లు, సుమారు 90 నాట్లు, కార్సన్ స్పీడ్ (ఫ్యూయల్ మరీ తగలకుండా తొందరగా చేరే స్పీడ్) అంటారే, అదే నాకు నయమనిపిస్తాంది.

అసలు డౌట్ ఏందంటే, జూన్, జులైలో మన సీమ మీద పడమటి గాలి 5000 అడుగుల దగ్గర గట్టిగా కొడతాది కదా, ఓర్వకల్లు నుంచి బళ్లారి దిక్కు పోతే నేరుగా మొహానికే. స్పీడ్ కొంచెం పెంచాలని తెలుసు, ఎదురుగాలిలో నాలుగో వంతు కలిపితే చాలా? ఇంకా పైకి పోయి లీన్ చేసుకోవాలా (ఇంజన్‌లో గాలితో కలిసే ఫ్యూయల్ తగ్గించుకోవాలా), లేక కుదుపులు ఓర్చుకుని కిందనే పోవాలా? తిరుగు ప్రయాణంలో ఎట్లాగూ గాలే తోస్తుంది, దాని సంగతి వదిలేయండి.

ఇంకోటి, ఎకానమీకి మాన్యువల్ పీక్ ఈజీటీ (ఎగ్జాస్ట్ గ్యాస్ వేడి అన్నిటికన్నా ఎక్కువ ఉండే చోటు) దగ్గర పెట్టమంటుంది, అంతకన్నా లీన్ చేసేవాళ్లు ఎవరన్నా ఉన్నారా, ఇంజన్ వణకదా? అవసరానికి దాచే రిజర్వ్ ఫ్యూయల్‌లో చెయ్యి పెట్టే సలహాలు మాత్రం వద్దు సామీ.