కార్డ్‌లెస్ ఫోన్ పెట్టించాను, కరెంటు పోతే మూగబోతోంది. ఏం చేయాలి?

కొబ్బరాకు
అందరికీ నమస్కారం. భీమవరం దగ్గర మా ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి పోయిన వారం కార్డ్‌లెస్ ఫోన్ కొని పెట్టి వచ్చాను. పాత రాగితీగ లైను పోయి ఫైబర్ వచ్చింది, నంబరు మాత్రం పాతదే. బేస్ (కరెంటు, ఫోన్ తీగలు తగిలించే పెట్టె) హాల్లో టీవీ పక్కన, మోడెం మీదే పెట్టాను. మూడు సమస్యలు. కరెంటు పోగానే ఫోన్ పనిచేయడం లేదు, ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా సరే. వెనక వంటింట్లోకి వెళ్తే మాట తెగిపోతోంది. అమ్మకి చెవులు కాస్త మందం, రింగు వినపడటం లేదు. నేనుండేది బెంగళూరులో, సంక్రాంతి దాకా వెళ్లలేను. ఫోన్లో నాన్నకి చెప్పి చేయించగలిగేవి చెప్పండి. నాన్నకి 74. చేతికి స్క్రూడ్రైవర్ ఇస్తే ఇల్లంతా విప్పేస్తారు, అది మనసులో పెట్టుకుని చెప్పండి.

ఉప్పల్_పోరడు
ఇంకా ల్యాండ్‌లైన్ ఎవరు వాడుతున్నారండీ? బటన్ల మొబైల్ ఒకటి కొనిస్తే అయిపోయె కదా.

కొబ్బరాకు
మొబైల్ ఉంది. అది ఎక్కడ పెట్టారో వెతకడానికే ల్యాండ్‌లైన్ కావాలి.

రోసెట్_పెట్టె
31 ఏళ్లు స్తంభాలెక్కి రిటైరైనవాడిని, చెబుతాను వినండి. రాగితీగ రోజుల్లో ఎక్స్ఛేంజి నుంచే 48 వోల్టులు ఇంటిదాకా వచ్చేవి. ఊరంతా చీకటైపోయినా వైరున్న ఫోన్ మోగేది అందుకే. ఎక్స్ఛేంజిలో బ్యాటరీల గది ఉండేది, ఆ ఆసిడ్ వాసన ఇప్పటికీ నా ముక్కులోనే ఉంది. ఫైబర్‌లో వచ్చేది వెలుతురు, కరెంటు కాదు. మీ ఇంట్లో మోడెం వెలగాలి, బేస్ వెలగాలి, రెండూ వెలిగితేనే డయల్ టోన్. హ్యాండ్‌సెట్‌లో బ్యాటరీ నిండా ఉన్నా బేస్ ఆరిపోతే అది బొమ్మే.

ఇన్వర్టర్ ఉన్నా పోతోందంటే ఆ టీవీ పాయింటు ఇన్వర్టర్ లైను మీద లేదు. చాలా ఇళ్లలో ఫ్యానుకీ లైటుకీ ఇచ్చి టీవీ పాయింటు వదిలేస్తారు. కరెంటు పోయినప్పుడు ఏ బోర్డులో ఫ్యాను తిరుగుతోందో చూసి, ఆ బోర్డు సాకెట్లో సెల్‌ఫోన్ ఛార్జర్ పెట్టి చూడమనండి. ఛార్జింగ్ ఎక్కితే మోడెం, బేస్ రెండూ అక్కడికి మార్చమనండి. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు.

మావిడి_పిందె
ఇన్వర్టర్ లేనివాళ్లకి మోడెం కోసం చిన్న యూపీఎస్‌లు దొరుకుతున్నాయి, కానీ నా కథ విని కొనండి. నాది 12 వోల్టులది. దాంట్లో రెండో పిన్ను ఖాళీగా కనపడింది, ఫోన్ బేస్‌కి సరిగ్గా దూరింది. దూరింది కదా అని వదిలేశాను. బేస్ అడ్డాప్టర్ మీద 6 వోల్టులని రాసి ఉంది, అది చూడలేదు. పావుగంటకి ప్లాస్టిక్ మాడిన వాసన. మా ఆవిడ వంటింట్లోంచి "పప్పు మాడిందా?" అంది. పప్పు కాదు, 2800 రూపాయలు మాడాయి. పిన్ను పట్టినంత మాత్రాన వోల్టేజి ఒకటి కాదు. పక్కన ప్లస్సు మైనస్సుల బొమ్మ కూడా ఉంటుంది, అదీ కలవాలి.

ఎన్నారై_అల్లుడు
ఇక్కడి సెట్లతో వేగడం దండగ. నేను పోయినసారి వచ్చేటప్పుడు అమెరికా నుంచి మూడు హ్యాండ్‌సెట్ల సెట్ తెచ్చి విజయవాడలో మా అత్తగారింట్లో పెట్టాను. ఆన్సరింగ్ మెషీన్ కూడా ఉంది. మేడ మీద నుంచి వీధి చివరి దాకా మాట్లాడొచ్చు. రెండేళ్లయింది, ఒక్క కంప్లయింట్ లేదు. సూట్‌కేస్‌లో చోటుంటే తెచ్చేసుకోండి.

సిగ్నల్_మాస్టారు
ఇలాంటి సలహాలు ఇవ్వకండి సార్. నేను టవర్ల పనిలో ఉన్నాను, ఈ సెట్ల వల్ల ఎన్ని రాత్రులు తిరిగామో మాకు తెలుసు. మీరు తెచ్చినదాని పెట్టె మీద డెక్ట్ 6.0 అని ఉంటుంది, అంటే అమెరికా కార్డ్‌లెస్ పద్ధతి. అది 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. మన దేశంలో అది మొబైల్ ఫోన్లు టవర్‌తో మాట్లాడే బ్యాండు. మీ అత్తగారు బేస్ ప్లగ్గులో పెట్టిన క్షణం నుంచి, మాట్లాడినా మాట్లాడకపోయినా, అది ఆ బ్యాండులో కూస్తూనే ఉంటుంది. చుట్టుపక్కల వాళ్ల కాల్స్ తెగుతాయి. ఇక్కడ ఆ సెట్లకి అనుమతి లేదు.

ఎన్నారై_అల్లుడు
ఒక ముసలావిడ ఫోన్ వల్ల విజయవాడ అంతా మూగబోతుందా? ఆ బ్యాండులో ఉన్నది 3జీ. దాన్నెవరు వాడుతున్నారిప్పుడు?

సిగ్నల్_మాస్టారు
3జీ తగ్గింది, బ్యాండు ఎక్కడికీ పోలేదు. మేం 2100 అని పిలిచే ఆ బ్యాండులోనే ఇప్పుడు 4జీ నడుస్తోంది. విజయవాడ అంతా అని నేననలేదు, చుట్టుపక్కల అన్నాను, అంటే ఆ టవర్ ఒకవైపు చూసుకునే ప్రాంతం. యాంటెనా పట్టుకుని వీధుల్లో తిరిగి తిరిగి చివరికి ఒక అపార్టుమెంటులో ఐదో అంతస్తు తలుపు కొట్టాం. ఆవిడ పాపం కాఫీ ఇచ్చి, "మా అబ్బాయి అమెరికా నుంచి పంపాడు బాబూ" అని మురిపెంగా చూపించింది. ప్లగ్గు పీకగానే మా మీటర్ మీద గీత పడిపోయింది. కాఫీ తాగుతూ ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలో మీరే చెప్పండి.

గోంగూర_డబ్బా
కాఫీ బాగుందా?

ఎన్నారై_అల్లుడు
కథలు బాగానే చెబుతున్నారు. మరి ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లు ఎందుకు ఆపలేదు? ఇక్కడ మనవాళ్లకి ఎవడైనా మంచి వస్తువు తెచ్చాడంటే కడుపుమంట.

రోసెట్_పెట్టె
అల్లుడుగారూ, కడుపుమంట ఎవరికీ లేదు. కస్టమ్స్ వాళ్లు ఆవకాయ జాడీ కూడా ఆపలేదు, అంతమాత్రాన దాంట్లో ఫోన్ మాట్లాడతామా? మా వీధిలో ఒకాయన ఇలాంటిదే తెచ్చి 120 వోల్టుల అడ్డాప్టర్ని నేరుగా మన 230లో పెట్టాడు. టప్‌మని ఒకటే చప్పుడు. మీరు వోల్టేజి తగ్గించే కన్వర్టర్ పెట్టి ఉంటారు, అందుకే బతికింది.

ఎన్నారై_అల్లుడు
నాకు వోల్టేజి గురించి పాఠాలు అక్కర్లేదు. నేను ఎలక్ట్రికల్ ఇంజనీర్ని.

సిగ్నల్_మాస్టారు
అయితే పెట్టె మీద ఫ్రీక్వెన్సీ చదవడం మీకు ఇంకా తేలిక.

కొబ్బరాకు
అయ్యా, నేను కొన్నది భీమవరంలో, మన కొట్లోనే. దయచేసి నా ప్రశ్నకి రండి. రోసెట్ గారూ, మీరన్నట్టే జరిగింది. నాన్న ఛార్జర్ పట్టుకుని ఇల్లంతా తిరిగారు. పడకగది బోర్డుకే ఇన్వర్టర్ ఉందట. మోడెం వైరు అంత దూరం రాదు, దాని కోసం ఎలక్ట్రీషియన్ని పిలుస్తాం. ఇంకో విషయం. హ్యాండ్‌సెట్ బ్యాటరీ గంటలోనే అయిపోతోంది.

మావిడి_పిందె
మొదటిసారి పూర్తిగా ఛార్జింగ్ పెట్టారా? మా సెట్ పుస్తకంలో 7 గంటలని ఉంది, కొన్నిటికి 14 దాకా చెబుతారు. మీ మోడల్ పుస్తకం చూడండి. బాక్సు విప్పగానే బ్యాటరీల మీద ఉన్న ప్లాస్టిక్ ముక్క లాగారా? కింద ఛార్జింగ్ పలకలు పొడిగుడ్డతో తుడవమనండి, మా అత్తగారి ఇంట్లో వాటి మీద విభూతి పేరుకుంది.

పాత_డైరెక్టరీ
ముందు మూత తీసి లోపలున్న సెల్లు ఏవో అడగండి. మా మావయ్యగారు బ్యాటరీ వీకైందని గోడగడియారం సెల్లు రెండు తీసి ఫోన్లో వేశారు. సైజు ఒకటే, అదే కొంప ముంచింది. ఫోన్‌తో వచ్చేవి ఛార్జింగ్ ఎక్కే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లు, మీద 1.2 వోల్టులని ఉంటుంది. గడియారం సెల్లు 1.5, వాటిని ఛార్జి చేయకూడదు. హ్యాండ్‌సెట్ పెట్టి ఛార్జింగ్ ఎక్కించే క్రేడిల్‌కి ఆ సంగతి తెలియదు, రాత్రంతా కరెంటు ఎక్కిస్తూనే ఉంది. పొద్దున మూత తీస్తే తెల్లటి పొక్కు, స్ప్రింగంతా కారి కరుచుకుపోయింది. ఇంకా నయం, పేలలేదు. ఆయన మాత్రం ఇప్పటికీ కంపెనీదే తప్పంటారు.

కొబ్బరాకు
అడిగాను. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత "రిమోట్ సెల్లే కదా, ఏమవుతుంది" అన్నారు. వెంటనే తీయించేశాను. అసలు సెల్లు రిమోట్‌లో ఉన్నాయి!!

గోంగూర_డబ్బా
టీవీ బాగా పనిచేస్తుండాలే.

ఉప్పల్_పోరడు
పిడుగులు పడ్డప్పుడు కార్డ్‌లెస్‌లో మాట్లాడొద్దు అంటరు, నిజమేనా? మా నాయనమ్మ ఉరిమితే చాలు, ఫోన్ మీద గిన్నె బోర్లిస్తది.

రోసెట్_పెట్టె
గిన్నెకి పిడుగు భయపడదు బాబూ. ప్రమాదం తీగది. తీగ ఉన్న రిసీవర్ చెవికి పెట్టుకున్నప్పుడు లైను మీద పిడుగు పడితే అది చెవిదాకా వస్తుంది. చేతిలో ఉన్న కార్డ్‌లెస్ హ్యాండ్‌సెట్‌కి తీగ లేదు, మనిషికి ఆ భయం లేదు. కానీ బేస్‌కి ఒకవైపు కరెంటు తీగ, ఒకవైపు ఫోన్ తీగ, మధ్యలో అది నలిగిపోతుంది. అందుకని అడ్డాప్టరూ లైన్ పిన్నూ రెండూ పీకాలి, ఒకటి పీకి ఒకటి వదిలేస్తే లాభం లేదు. ఫైబర్‌కి మారాక లైను వైపు భయం బాగా తగ్గింది, కరెంటు వైపు అలాగే ఉంది. ఉరుము వినపడకముందే పీకాలి. వినపడ్డాక పరిగెత్తి పీకేవాళ్లనీ చూశాను.

పాత_డైరెక్టరీ
మా ఇంట్లో మా అమ్మ "అర్జునా ఫల్గుణా" అంటుంది, నేను పిన్ను పీకుతాను. రెండూ జరుగుతాయి.

పాత రోజుల సంగతి ఒకటి. తొంభైల్లో మా వీధిలో ఇద్దరి ఇళ్లల్లో యాంటెనా పొడుగ్గా లాగే కార్డ్‌లెస్‌లు ఉండేవి. అవి 46, 49 మెగాహెర్ట్జ్ రకం, రహస్యం ఏమీ లేదు. ఒకళ్లు ఎత్తితే ఇంకొకళ్ల మాటలు వినపడేవి. ఎదురింటి వాళ్ల అమ్మాయి పెళ్లి కుదిరిన సంగతి వాళ్ల చుట్టాల కంటే ముందు మాకు తెలిసింది. కట్నం మాటతో సహా.

సిగ్నల్_మాస్టారు
ఇప్పటి డెక్ట్ డిజిటల్ పద్ధతి, అంత తేలిగ్గా వినపడదు. ఈ టెక్నాలజీతోనే ఐఐటీ మద్రాసు వాళ్లు కార్‌డెక్ట్ అని చేసి పల్లెలకి తీగల్లేకుండా ఫోన్లు ఇచ్చారు. గోడకి చిన్న పెట్టె, ఇంటి మీద యాంటెనా. ఇప్పటి కుర్రాళ్లకి ఇవన్నీ తెలియవు.

గోంగూర_డబ్బా
నా అనుభవం వేరే. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చేస్తే ముందు సున్నా కొట్టాలన్నారు కదా. మా నాన్నగారి ఫోన్లో స్పీడ్ డయల్ నంబర్లన్నీ సున్నా లేకుండానే ఉన్నాయి. పది రోజులు నాకు ఫోనే రాలేదు. నాకేమో పనుల్లో తీరిక లేదు, ఆయనేమో "వీడు నా నంబరు బ్లాక్ చేశాడు" అని అలిగి కూర్చున్నారు. కొత్త సెట్లో నంబర్లు వేసేటప్పుడు సున్నాతో వేయండి, సంసారాలు నిలబడతాయి. అత్యవసరానికి చేసే 112 మాత్రం అలాగే, సున్నా వద్దు.

ఒక జాగ్రత్త కూడా. "పోలీసులం, మీ పేరు మీద పార్సెల్ దొరికింది" అనే కాల్స్ ల్యాండ్‌లైన్‌కీ వస్తున్నాయి. పెట్టేసి నాకు చేయమని మావాళ్లకి చెప్పాను. డబ్బు పోతే వెంటనే చేయాల్సిన 1930 కూడా బేస్ పక్కన గోడ మీద స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి పెట్టాను.

కొబ్బరాకు
అందరికీ ధన్యవాదాలు, కానీ వంటిల్లు, అమ్మ చెవులు అలాగే ఉన్నాయి.

మావిడి_పిందె
వంటింటికీ హాలుకీ మధ్య ఏముంది? బీరువా గానీ?

కొబ్బరాకు
రెండు బీరువాలు. ఒకటి అమ్మమ్మది.

మావిడి_పిందె
దొరికింది. ఇనుప బీరువా దాటి సిగ్నల్ రావడం కష్టం. బేస్‌ని టీవీ, మోడెం దగ్గర నుంచి ఒక రెండు మూడు అడుగులు జరిపి, అల్మరా మీద ఎత్తుగా పెట్టండి. కుదరకపోతే అదే కంపెనీ రెండో హ్యాండ్‌సెట్ కొనండి. దాని క్రేడిల్‌కి ఫోన్ తీగ అక్కర్లేదు, కరెంటు చాలు. బేస్ మీద హ్యాండ్‌సెట్‌ని వెతికే బటన్ కాసేపు నొక్కిపట్టి, హ్యాండ్‌సెట్‌లో రిజిస్టర్ అని ఉన్నచోట సరే కొట్టడమే. పిన్ అడిగితే చాలా సెట్లలో 0000. క్రేడిల్ మాత్రం పొయ్యి గట్టు మీద వద్దు, పోపు నూనె చిమ్మి పలకలు జిడ్డెక్కుతాయి.

రోసెట్_పెట్టె
అమ్మగారి సంగతి నేను చెబుతాను. కొత్త సెట్లు కీచుగా, పిట్ట కూసినట్టు మోగుతాయి. వయసు మీద పడితే ముందు వినపడకుండా పోయేది ఆ కీచు శబ్దమే. మెనూలో రింగుల జాబితా ఉంటుంది, పాత గంటలాగా బొంగురుగా మోగేది పెట్టమనండి. మాట వినపడకపోతే, కాల్ నడుస్తుండగా పక్కనున్న శబ్దం బటన్ పైకి నొక్కాలి. ఖాళీగా ఉన్నప్పుడు నొక్కితే పెరిగేది రింగు మాత్రమే. చాలామంది అక్కడే పొరబడతారు.

కొబ్బరాకు
రోసెట్ గారూ, ఇందాకే రింగు మార్చారు. అమ్మ పెరట్లో బట్టలు ఆరేస్తూ విని పరిగెత్తుకొచ్చి ఎత్తింది. ఎత్తగానే, "మన పాత నల్ల ఫోన్ బాగుచేయించారేమిటే?" అంది.

ఉప్పల్_పోరడు
ఇంతకీ అల్లుడుగారి అమెరికా సెట్ ఏమైంది?

ఎన్నారై_అల్లుడు
అటక మీద పెట్టించాను. ఆన్సరింగ్ మెషీన్ ఉన్న ఇండియా సెట్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. సిగ్నల్ మాస్టారు తప్ప.