బిల్లు ఇచ్చి నాలుగు నెలలైంది, డబ్బు రావట్లేదు. ఏం చేయమంటారు?

ప్రశ్న (అట్టపెట్టెల యూనిట్, విజయవాడ ఆటోనగర్):
అందరికీ నమస్కారం. మాది ఎనిమిది మంది పనివాళ్లున్న చిన్న యూనిట్. చెన్నైలో ఒక కంపెనీకి రెండేళ్లుగా సరుకు పంపుతున్నాం. మొదట్లో నెల తిరక్కుండా డబ్బు వేసేవాళ్లు. ఇప్పుడు మూడు బిల్లులు కలిపి 3 లక్షల 80 వేలు ఆగింది. పాత బిల్లుకి నాలుగు నెలలు దాటింది. అకౌంట్స్‌కి చేస్తే "సార్ సంతకం కావాలి" అంటారు, సార్‌కి చేస్తే "అకౌంట్స్‌లో అడగండి" అంటారు. వాటి మీద జీఎస్టీ నేనెప్పుడో కట్టేశా. పేపర్ మిల్లు నాకు వారం మించి అప్పివ్వదు. గట్టిగా అడిగితే ఆర్డరు పోతుందని భయం.

జవాబు (ప్రింటింగ్ ప్రెస్, గుంటూరు):
ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే నమోదు) ఉందా? సరుకు పంపకముందే తీసుకున్నారా?

ప్రశ్న అడిగినవారు:
ఉందండీ, 2021లో లోను కోసం చేయించా. బిల్లు మీద ఆ నంబరు ఎప్పుడూ వేయలేదు.

గుంటూరు ప్రెస్:
ఇవాళ్టి నుంచే వేయండి. చిన్న సంస్థల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం లేకపోతే సరుకు అందిన 15 రోజుల్లో డబ్బివ్వాలి. ఒప్పందం ఉన్నా 45 రోజులు మించకూడదు. వాళ్లు పర్చేజ్ ఆర్డర్ (పీఓ) మీద 90 రోజులని అచ్చేసుకున్నా చెల్లదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకి మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. కానీ వడ్డీ మాట ఇప్పుడే ఎత్తకండి, బేరం చెడుతుంది.

సార్‌కి ఫోన్లు మానేసి అకౌంటెంట్‌కి మెయిల్ పెట్టండి. ఆయనకి మీ మీద జాలి అక్కర్లేదు, పన్ను లెక్క గుర్తొస్తే చాలు. 2023లో ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన నిబంధన వల్ల, మీలాంటి సూక్ష్మ, చిన్న సంస్థలకి గడువు దాటి మార్చి 31 నాటికీ బాకీ ఉంటే ఆ కొనుగోలుని వాళ్లు ఆ ఏడాది ఖర్చు కింద చూపించలేరు. లాభం ఎక్కువ కనపడుతుంది, పన్ను పెరుగుతుంది. పైగా బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మీకు చెల్లించకపోతే, తమ పన్నులోంచి తగ్గించుకున్న ఆ బిల్లు జీఎస్టీని (క్రెడిట్) వాళ్లు వడ్డీతో వెనక్కి కట్టాలి. మీ పాత బిల్లుకి ఆ గడువు ఇంక రెండు నెలలు కూడా లేదు.

బెదిరింపులొద్దు. "మాది సూక్ష్మ సంస్థ, సర్టిఫికెట్ జత చేశాం. మీ ఆడిట్‌కి పనికొస్తుంది, ఈ బకాయి లెక్క సరిచూసి సంతకం చేసి పంపగలరు" అని రాయండి. ఆ సంతకం వస్తే బాకీ ఒప్పుకున్నట్టే. దావా గడువు మూడేళ్లూ ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.

హార్డ్‌వేర్ షాపు, వరంగల్:
అన్నా, నాకూ ఉద్యమ్ ఉంది. కాంట్రాక్టర్లు నెలల తరబడి తిప్పుతున్నరు. ఇది మాకు పనికొస్తదా?

గుంటూరు ప్రెస్:
రాదు తమ్ముడూ. కొని అమ్మేవాళ్లకి ఉద్యమ్ బ్యాంకు రుణాల వరకే. నువ్వు రాబోయే తేదీ వేసిన చెక్కులు తీసుకో. చెక్కు మీది తేదీ నుంచి మూడు నెలల్లో బ్యాంకులో వేయాలి. బౌన్స్ అయితే, బ్యాంకు మెమో వచ్చిన 30 రోజుల్లో చెక్కిచ్చినవాడికి నోటీసు వెళ్లాలి. చాలామంది "రేపిస్తా" మాట నమ్మి ఈ తేదీ దాటించుకుంటారు.

ఆడిట్ ఆఫీసులో పనిచేస్తాను, రాజమండ్రి:
మెయిల్‌కి కదలకపోతే చిన్న సంస్థల బకాయి తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి. కొనేవాడు చెన్నైలో ఉన్నా కేసు మన రాష్ట్రంలోనే నడుస్తుంది. చట్టంలో 90 రోజుల్లో తేల్చాలని ఉంది గానీ అంత తొందరగా తేలుతుందని ఆశపడకండి. అయితే కౌన్సిల్ తీర్పుని కోర్టులో సవాలు చేయాలంటే వాళ్లు తీర్పు మొత్తంలో 75 శాతం ముందే జమ కట్టాలి. అందుకే చాలామంది రాజీకొస్తారు. పీఓ, సరుకు ముట్టినట్టు సంతకమున్న చలానా, మెయిళ్లు జాగ్రత్త. సంతకం లేని చలానాతో వచ్చిన వాళ్లని చూసి మాకే బాధేస్తుంది.

ప్రశ్న అడిగినవారు (పది రోజుల తర్వాత):
మెయిల్ పెట్టిన మూడో రోజు అకౌంటెంటే ఫోన్ చేశాడు! పాత బిల్లు డబ్బు పడింది. మిగతా రెండూ నెలాఖరుకని మెయిల్లో రాసిచ్చారు. కొత్త ఆర్డరు కూడా అడుగుతున్నారు. సగం అడ్వాన్సు అడగనా?

గుంటూరు ప్రెస్:
అడగండి. సగానికి ఒప్పుకోకపోతే పేపర్ ఖరీదు మేరకైనా తీసుకోండి. ఆ రెండు బిల్లులూ పడ్డాకే లోడు ఎక్కించండి.