చెలకలో పందులను మడి మార్చి మేపితే మిగిలేది దాణానా, నేలా?

దేవరకొండ చెలక:
మాకు దేవరకొండ దగ్గర రెండున్నర ఎకరాల ఎర్ర చెలక, ఒక బోరు ఉన్నాయి. ఎకరంలో బత్తాయి తోట ఉంది. మిగిలిన ఎకరంన్నరలో చాలా వరకు ఏటా పత్తో ఆముదమో వేసి, పెట్టుబడి కూడా రాబట్టుకోలేకపోతున్నాను. వచ్చే వానాకాలంలో ఎనిమిది సీమపంది (విదేశీ జాతి తెల్ల పంది) పిల్లలను తెచ్చి, ఈ ఎకరంన్నరను ఆరేసి గుంటల చొప్పున పది మడులుగా విడగొట్టి, సోలార్ కంచె తీగ లాగి, వారానికొక మడిలోకి మారుస్తూ మేపాలని ఆలోచిస్తున్నాను. ఈ పద్ధతిని పాటించే విదేశీ రైతులు మూడు లాభాలు చెబుతున్నారు: దాణా ఖర్చు సగానికి తగ్గుతుందట, మడి మారుతూ ఉండటం వల్ల కడుపులో పురుగుల బెడద పోతుందట, నాగలి పెట్టకుండానే నేల గుల్లబారుతుందట. ఇవన్నీ వానలు బాగా పడే చల్లని దేశాల ముచ్చట్లని, పెంచితే గచ్చు వేసిన షెడ్డులోనే పెంచాలని, లేదా మానుకోవాలని మా అన్న అంటున్నాడు. మెట్ట ప్రాంతంలో అనుభవం ఉన్నవారు ఎవరి మాట నిజమో చెప్పగలరా?

నల్లగొండ లెక్కలు:
మొదటి లాభం సంగతి మాత్రం నేను చెబుతాను. పంది నెమరు వేసే జీవి కాదు. దానికి ఉన్నది ఒకటే కడుపు కనుక గడ్డిలోని పీచును అరిగించుకునే శక్తి తక్కువ. 12 కిలోల పిల్ల 90 కిలోల పంది కావాలంటే, కిలో బరువు పెరగడానికి మూడున్నర కిలోల చొప్పున చూసినా, సుమారు 270 కిలోల దాణా తింటుంది. ఎనిమిదింటికి దాదాపు 22 క్వింటాళ్లు. లేత పచ్చిక దొరికినంత కాలం అందులో పదో వంతు, మహా అయితే ఏడో వంతు తగ్గుతుంది; అంటే రెండు నుంచి మూడు క్వింటాళ్లు. ఆ మూడు క్వింటాళ్ల తవుడు, నూకల కోసం తీగ, బ్యాటరీ, నీళ్ల తొట్టి, నీడ పందిరి వారం వారం మోసుకుంటూ తిరగాలి. మీ అన్న గారి మాటే నిజం.

నాగర్‌కర్నూలు పల్లి రైతు:
పైవారి లెక్కలో తప్పు లేదు. అయితే లాభాన్ని దాణా బస్తాల్లో వెతకడమే పొరపాటని నా అభిప్రాయం. నేను రెండు వానాకాలాలు ఈ పని చేశాను. మొదటి ఏడు చేతులు కాల్చుకున్నాను, రెండో ఏడు కాస్త తెలివి వచ్చింది.

మొదటి ఏడు పిల్లలను తెచ్చిన రోజే నేరుగా తీగల మధ్య వదిలాను. ముట్టె తీగకు తగిలిన పిల్ల వెనక్కి తగ్గుతుందనుకుంటే, కీచుమని అరిచి ముందుకే దూకి తీగను తెంపుకుని పోయింది, దాని వెనుకే మిగిలినవన్నీ పోయాయి. సాయంత్రం వరకు పక్కవారి మక్కచేనులో వాటి వెంట పరుగెత్తి, చివరకు ఆ చేనుకు నష్టం కట్టించి గెట్టు గొడవ తీర్చుకున్నాను. రెండో ఏడు, రాతి కడీలకు గట్టి ఇనుప జాలీ కట్టిన చిన్న దొడ్డిలో, జాలీకి లోపలి వైపున కరెంటు తీగ లాగి, వారం రోజులు అందులోనే ఉంచాను. ముందుకు దూకే దారి లేదు కనుక ముట్టె తగలగానే వెనక్కి జరగాలని నేర్చుకున్నాయి. ఆ తరువాత పొలంలో రెండే తీగలు సరిపోయాయి: ఒకటి నేలకు జానెడు ఎత్తున, మరొకటి మోకాలెత్తున. ఎంత బాగా నేర్చుకున్నాయంటే, మడి మార్చే రోజున తీగ తీసేసినా, నిన్నటి దాకా తీగ ఉన్న గీతను దాటడానికి మొరాయించాయి. ఆ గీత మీద గోనె సంచులు పరచి, అవతల దాణా బకెట్టు చప్పుడు చేస్తేగాని కదలలేదు. వానాకాలంలో గడ్డి పెరిగి కింది తీగను తాకితే షాకు బలం తగ్గిపోతుంది కనుక నాలుగు రోజులకొకసారి తీగ కింద కొడవలి ఆడించవలసిందే. ఇంకొక మాట: తీగకు ఇంటి కరెంటు నేరుగా ఇచ్చే పని ఎన్నడూ చేయకండి. అడవిపందుల కోసమని మన వైపు అలా పెట్టిన తీగలకు మనుషులే బలైన ఉదంతాలు మీకూ తెలుసు.

ఇక లాభం విషయం. నా పొలంలో మూడు మడుల నిండా తుంగ ఉండేది. గడ్డి మందు కొడితే పైన మాడి, పదిహేను రోజుల్లో గడ్డల నుంచి మళ్లీ మొలిచేది. పందులు తుంగ ఆకును పెద్దగా పట్టించుకోలేదు, వాటికి కావలసింది కింది గడ్డలు. వాన పడి నేల మెత్తబడిన మరునాడు పొద్దున చూస్తే, జానెడు లోతు వరకు ముట్టెతో వరుసగా తిరగేసి, ఒక్కొక్క గడ్డనూ పటుక్కున కొరుకుతూ పోతున్నాయి. తుంగ పూర్తిగా పోయిందని చెప్పను, కానీ మరుసటి పంటలో కలుపు కూలీ బాగా తగ్గింది. పల్లి తీసిన తరువాత నేలలో తెగిపోయిన కాయలను కూడా అలాగే ఏరుకున్నాయి. అయితే మా ఊళ్లో పరిగె ఏరుకునే ఆడవాళ్లు ఉన్నారు. వారి వంతు వారం గడిచాకే పందులను వదిలాను, అది న్యాయం అనిపించింది. బూజు పట్టిన కాయలు మిగిలిన చోట మాత్రం వదలవద్దు, విషం.

ఇదంతా జూన్ నడిమి నుంచి అక్టోబరు ఆఖరు వరకే సాగే పని. దీపావళి దాటితే చెలక గచ్చులా బిగుసుకుంటుంది, పచ్చిక ఉండదు, తవ్వడానికి ముట్టె దిగదు. అప్పుడు వేపచెట్టు కింది దొడ్డిలో కట్టేసి దాణా పెట్టి, సంక్రాంతికి ముందు అమ్ముకున్నాను. కనుక షెడ్డా, చేనా అని అడిగితే నా జవాబు: నాలుగున్నర నెలలు చేను, మిగతా కాలం దొడ్డి.

మీరు ఆముదం, పత్తి వేసిన నేల అంటున్నారు. రాలిన ఆముదపు గింజలు పందులకు ప్రాణాంతకం, పత్తి గింజ కూడా మంచిది కాదు. ఆ మడులను ఒక పంట జొన్న వేశాకే వాడండి.

హాలియా తోట:
ఆ పందులను బత్తాయి తోటలోకి మాత్రం రానివ్వకండి. బత్తాయి పీచువేళ్లు నేల పైపొరలోనే ఉంటాయి, వాటిని తవ్విపోస్తాయి. పైగా ఒంటి దురదకు మొదళ్లను రాచుకుని బెరడు లేపితే, ఆ గాయం నుంచే బంక తెగులు పట్టుకుంటుంది. రాలిన కాయలను బుట్టలో ఏరి తెచ్చి వేయండి, ఇష్టంగా తింటాయి.

విశ్రాంత పశువైద్యుడు:
రెండో లాభాన్ని, అంటే మడి మారిస్తే పురుగులు పోతాయన్న మాటను, సరిదిద్దడం అవసరం. పందుల్లో ఎక్కువగా కనిపించే ఏలికపాము గుడ్లు పేడతో నేలలో పడిన కొన్ని వారాల తరువాతే అంటించే స్థితికి వస్తాయి. ఆ తరువాత ఏళ్ల తరబడి నేలలో బతికి ఉండగలవు. మీ పది మడుల చక్రంలో ఒక్కొక్క మడికి దొరికేది తొమ్మిది వారాల విరామం. అంటే గుడ్లు సరిగ్గా పక్వానికి వచ్చిన వేళకు పందులను తిరిగి తెచ్చి వాటి మీద నిలబెట్టడమన్నమాట. మన మే నెల ఎండకు పైపొరలో ఉన్న గుడ్లు చాలా వరకు ఎండిపోతాయి, నిజమే. కానీ పంది తవ్వి నాలుగు అంగుళాల కిందికి కలిపినవి ఎండకు అందవు. ఒక ఏడు పందులు తిరిగిన నేలలో మరుసటి ఏడు పంట వేసి, వీలైతే రెండేళ్ల దాకా పందులను రానివ్వకపోవడమే అసలైన మార్పు. పిల్లలకు పురుగుల మందు ఎలాగూ తప్పదు.

ఇక షెడ్డును సమర్థిస్తున్న వారికి ఒక మాట. గచ్చు మీద పుట్టిన పిల్లలకు తల్లిపాలలో ఇనుము చాలక మూడో రోజుకే సూది వేయవలసి వస్తుంది. మట్టి ముట్టే పిల్లలకు కొంత ఇనుము నేల నుంచే దొరుకుతుంది. కాబట్టి గచ్చు అన్నింటికీ మందు కాదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది రోగాల విషయం. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మన దేశంలో మొదటిసారి 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. దానికి మందు లేదు, మన రైతులకు అందుబాటులో టీకా లేదు, అది మనుషులకు అంటదు గానీ దొడ్డిని ఖాళీ చేస్తుంది. ధాబాల నుంచి, హాస్టళ్ల నుంచి తెచ్చే మిగులు కూడును కనీసం అరగంట మరిగించకుండా పెట్టడం ఆ రోగాన్ని ఇంటికి పిలవడమే. దేవరకొండ నుంచి అడవి అంచు దూరం కాదు కనుక, రెండు తీగలకు బయట మరొక కంచె వేసి అడవిపందులను దూరంగా ఉంచాలి. వేరే జబ్బయిన క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది, దాన్ని వదలకండి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వరి మళ్ల నడుమ ఎవరైనా ఇదే అడిగి ఉంటే వద్దనే చెప్పేవాణ్ని, ఎందుకంటే వరి నీటిలో పెరిగే దోమలు జపనీస్ మెదడువాపు వైరస్‌ను పందుల నుంచి మన ఇళ్లలోని చిన్నపిల్లలకు చేరవేస్తాయి. మెట్టలో ఆ భయం తక్కువ.

పంది మాంసం తింటే మెదడులో పురుగులు చేరతాయన్న మాట ఊళ్లలో వినిపిస్తుంది. అది సగం నిజం. సరిగా ఉడకని మాంసంతో వచ్చేది పేగులోని బద్దెపురుగు. మెదడుకు ఎక్కే పిల్లపురుగులు పుట్టేది ఆ బద్దెపురుగు ఉన్న మనిషి మలం నుంచి చేతులకు, నీళ్లకు, కూరగాయలకు అంటి మన నోట్లోకి పోయే గుడ్ల నుంచి. పందికి కూడా అవి మనిషి మలం నుంచే వస్తాయి. కంచెలో తిరిగే పంది వీధి పంది కంటే మేలనడానికి ఇదే కారణం, కానీ మీ పొలంలోకి వచ్చే కూలీలకు మరుగుదొడ్డి ఉందా అన్న ప్రశ్నకు మీరు ముందుగా జవాబు చెప్పుకోవాలి.

పాలమూరు ఎరుకలి:
మీరంతా కొత్త పద్ధతి అంటున్నది మా తాతలు దినాం చేసిన పనే. కోసిన పల్లి చేలకు, నీళ్లు దిగిన చెరువు శిఖాలకు, తుంగ ఉన్న కుంటలకు మందను తోలుకొని పోయి, ఒక్కచోట రెండు రోజులు ఉంచేవారు కాదు. తీగ లేదు, మనిషే కంచె. ఆ తరువాత శిఖాలు కబ్జా అయ్యాయి, పట్టణాల నుంచి మందలను బయటకు తరిమారు, చేలకు తోలితే తిట్లు తిన్నాము. పట్టా భూమి ఉన్నవారు అదే పని చేస్తే ఆదర్శ రైతులవుతున్నారని ఒక్క మాట అని ముందుకు పోతాను.

సీమపంది బరువుకు వస్తుంది గానీ ఎండకు ఆగదు. దానికి చెమట పట్టదు, తెల్ల తోలు మాడుతుంది. ప్రతి మడిలో నీడా, పొర్లడానికి బురద గుంటా లేకపోతే మధ్యాహ్నం మేత ముట్టదు. మన నల్ల నాటు పంది ఎండనూ గట్టి నేలనూ తట్టుకుంటుంది, కానీ ఏడాదికి 40 కిలోలు దాటడం కష్టం. అమ్మకం సంగతి అంతకంటే ముఖ్యం. నాటు పందిని ఆదివారం పొద్దున మా ఊళ్లోనే కోసి అమ్ముకోగలను. సీమపందులను కొనే వ్యాపారి బండి నిండితేనే వస్తాడు. ఎనిమిది పందులున్న రైతును ఆయన అడిగిన ధరకు ఒప్పుకునేదాకా తిప్పుతాడు, తిప్పిన ప్రతి రోజూ మీ దాణా తింటూనే ఉంటాయి.

నల్లగొండ లెక్కలు:
తుంగ విషయం నా లెక్కలో లేదు, ఒప్పుకుంటున్నాను. కలుపు కూలీని కలిపితే లెక్క మారుతుంది. అయినా తుంగ లేని మడిలో పంది చేసే పని ట్రాక్టరు గంటలో చేస్తుంది. రాయితీ వస్తుందన్న ఆశ మీద కూడా ఎవరూ దిగవద్దు: కేంద్ర ప్రభుత్వ పథకమైన నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ కింద 50 శాతం, గరిష్ఠంగా 30 లక్షల రూపాయల రాయితీ ఉన్నది పదుల సంఖ్యలో తల్లిపందులను పెట్టే యూనిట్లకు, ఎనిమిది పిల్లలను కొని పెంచి అమ్మేవారికి కాదు.

దేవరకొండ చెలక:
అందరికీ కృతజ్ఞతలు. దాణా సగం మిగులుతుందన్న ఆశ వదులుకున్నాను. తుంగ పట్టిన ఇరవై గుంటలు నాకూ ఉన్నాయి, బోరుకు దిగువన, పత్తి కూడా వేయకుండా వదిలేసినవి. ఎనిమిది కాకుండా నాలుగు పిల్లలతో, ఆ ఇరవై గుంటలను ఐదు మడులు చేసి, వానాకాలం మాత్రమే తిప్పుతాను. ఒక్క చుట్టుతో ఆపి, మరుసటి ఏడు అందులో జొన్న వేస్తాను. అన్న ఇంకా ఒప్పుకోలేదు, కానీ దొడ్డికి కడీలు తన బాయి కాడ ఉన్నవి తీసుకుపొమ్మన్నాడు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, పందులకు పెట్టవచ్చా?

విశ్రాంత పశువైద్యుడు:
ఎనిమిది నెలల్లో అమ్మే పందులకు పెద్దగా తేడా తెలియదు. ఏళ్ల తరబడి ఉంచే తల్లిపందులైతే ఎముకల్లో, పళ్లలో చేరుతుంది. వాటికి వాననీళ్లో మిషన్ భగీరథ కుళాయి నీళ్లో చూసుకోండి. ఒక్క చుట్టుతో ఆపుతానన్న మాట బాగుంది. ఒక్కో మడికి మూడు వారాలకు మించి ఉంచకండి.

పాలమూరు ఎరుకలి:
నాలుగింటికి వ్యాపారి బండి అసలే రాదు. రెండు నాటువి, రెండు సంకరవి పెట్టండి. నాటువి దసరాకు ఊళ్లోనే పోతాయి. పిల్లలను కొనేటప్పుడు సంతలో కాకుండా తల్లి ఉన్న దొడ్డికి పోయి, తల్లి ఎట్లా తింటున్నదో చూసి తీసుకోండి.