గూడబాతుల ఫొటోలకి తేలికైన మోనోపాడ్ (ఒంటికాలి కెమెరా స్టాండ్) ఏది?

ప్రశ్న: మాది గుంటూరు. ఆదివారాలు ఉప్పలపాడు చెరువు దగ్గర గూడబాతుల ఫొటోలు తీస్తుంటాను. కెమెరా, 70-300 లెన్స్ కలిపి కేజీన్నర. పది నిమిషాలకే చెయ్యి లాగేస్తోంది. వచ్చే నెల కొండవీడు ప్రయాణం ఉంది. ట్రైపాడ్ మోయలేను. కార్బన్ ఫైబర్ మోనోపాడ్‌కి అంత డబ్బు పెట్టాలా, అల్యూమినియందే సరిపోతుందా?

జవాబు (విజయవాడ): అల్యూమినియం చాలండి, నాలుగేళ్లుగా నాది అదే. బరువు కంటే ముందు ఎత్తు చూడండి. పూర్తిగా లాగితే వ్యూఫైండర్ కంటి దగ్గరికి రావాలి, లేకపోతే వంగి వంగి నడుం పట్టేస్తుంది. ఐదు ముక్కలది చిన్నగా ముడుచుకుంటుంది గానీ అడుగు గొట్టం మరీ సన్నం, ఊగుతుంది. నాలుగు ముక్కలది తీసుకోండి. ఒకసారి కృష్ణ ఇసుకలో నిలబెట్టాను. తిప్పి బిగించే లాకులో ఇసుక దూరి కరకరలాడింది, విప్పి తుడిచేదాకా బిగుసుకోలేదు.

జవాబు: లెన్స్‌ని 300 ఎంఎం దాకా జూమ్ చేస్తే, చేత్తో పట్టుకున్నప్పుడు షట్టర్ వేగం సుమారు 1/300 సెకను కావాలి. మోనోపాడ్‌తో 1/100 దాకా దిగొచ్చు. అది మీ వణుకునే ఆపుతుంది, పక్షి కదలికను కాదు. ఎగిరేవాటికి 1/1000 పైనే పెట్టండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. రేపే షాపుకెళ్లి కంటి ఎత్తు కొలిచి చూస్తాను.