బస్ట్ (తల నుంచి ఛాతీ దాకా ఉండే విగ్రహం) మట్టిలో దాదాపు అయిపోయింది, "నాన్నగారిలా లేరు" అంటున్నారు. ఏం చేయాలి?

మట్టిచేయి:
అందరికీ నమస్తే. ఒక ఊళ్ళో హైస్కూల్ పూర్వ విద్యార్థులు, కాలం చేసిన తమ హెడ్మాస్టరు గారి కంచు బస్ట్ చేయమని ఆర్డర్ ఇచ్చారు. లైఫ్ సైజు కంటే కాస్త పెద్దది, స్కూలు గేటు దగ్గర ఎత్తు దిమ్మె మీద పెడతారట. నాకిచ్చినవి ఒక పాస్‌పోర్ట్ ఫొటో, ఒక గ్రూప్ ఫొటో, రెండూ ఎదురుగా తీసినవే. నిన్న వాళ్ళబ్బాయి వచ్చి చూసి, ముక్కు, మీసం, కళ్ళజోడు అన్నీ నాన్నగారివే గానీ నాన్నగారిలా లేరండీ అన్నారు. ఎక్కడ తేడానో ఆయనా చెప్పలేకపోతున్నారు. త్వరలో మోల్డ్ (అచ్చు) తీయాలి. ఆ అచ్చులో కంచుకి ముందు పోసే మైనం నకలు దశలో సరిచేసుకోవచ్చులే అని ఒకరన్నారు, నిజమేనా? పైగా ఈ ఎండలకి మెడ దగ్గర పగుళ్ళు. చాలా టెన్షన్‌గా ఉంది.

పాత ఉలి:
తమ్ముడూ, మైనం దాకా వదలొద్దు. మైనం మీద సర్దేది అతుకు గీతలు, గాలిబుడగల గుంటలు, అంతే. దవడ కట్టు మార్చాలంటే మట్టిలోనే మార్చాలి.

విడివిడిగా అన్నీ కుదిరి మనిషి కుదరలేదంటే చాలాసార్లు లోటు పక్క చూపులో ఉంటుంది. ఎదురు ఫొటోలో లోతు తెలియదు, గ్రూప్ ఫొటోలో ఆయన అంచున నిలబడి ఉంటే ముఖం సాగి కూడా ఉంటుంది. ఆయన కళ్ళజోడు ఇంట్లో ఉందేమో అడుగు. ఫ్రేము అసలు వెడల్పు కొలువు, ఫొటోలో వెడల్పు కొలువు. అసలుది 13.5 సెంటీమీటర్లు, ఫొటోలో 3 అయితే 4.5 రెట్లు, ఇక ముఖం కొలతలన్నీ సుమారుగా వచ్చేస్తాయి. ముఖ్యమైంది కళ్ళజోడు కాడ. అది కిందికి వంగే చోటే చెవి పైభాగం, అంటే కంటి నుంచి చెవి దాకా లోతు నీ చేతికి దొరికినట్టే. పెళ్ళి ఆల్బమ్‌లు కూడా తిప్పించు, తలంబ్రాలప్పుడు అందరూ పక్కకే తిరిగి ఉంటారు.

పగుళ్ళలో అదే తడి ఉన్న మట్టి నొక్కు. నీళ్ళు స్ప్రే చేసి, తడిగుడ్డ ముఖానికి తగలకుండా కప్పి, పైన పాలిథిన్ చుట్టు.

పోతపని:
ఫౌండ్రీ వైపు నుంచి రెండు మాటలు. కంచు చల్లారేటప్పుడు సుమారు 1.5 నుంచి 2 శాతం కుంచించుకుంటుంది, మైనం కూడా కొంత తగ్గుతుంది. కాబట్టి కమిటీ కచ్చితమైన కొలత అడిగితే మట్టిలో ఆ మేరకు పెంచుకోండి. మామూలుగా గోడ మందం 5, 6 మిల్లీమీటర్లు వస్తుంది, లోపల బోలు. ఇంకోటి, గంధకం ఉన్న ఆయిల్ క్లే మీద ప్లాటినం రకం సిలికాన్ (అచ్చు తీసే రబ్బరు) గట్టిపడదు. మీది బంకమన్ను కాబట్టి ఆ గొడవ లేదు. కళ్ళజోడు మాత్రం ముఖంతో కలిపి పోత పోయించకండి.

గోదారి గట్టు:
ఒకసారి బస్ట్‌ని దిమ్మె ఎత్తుకి లేపి, మధ్యాహ్నం వెలుతురులో కింద నుంచి చూడండి. పైనుంచి పడే ఎండకి కంటి గుంటలు నల్లబడిపోతాయి, ముదురు రంగు కంచులో మరీను. ఫ్రెంచ్ శిల్పి ఊదోన్ పాలరాతిలో కంటిపాప గుంట తొలిచి, అందులో చిన్న ముక్క వదిలేసేవాడు, వెలుగు దాని మీద పడి చూపు బతికేది. మట్టిలోనూ ఆ పద్ధతి పనికొస్తుంది.

ఇంకా ముఖ్యం, మోల్డ్‌కి ముందు కుటుంబం, కమిటీ ఇద్దరి సంతకాలూ తీసుకోండి. ఫ్రెంచ్ శిల్పి రోదాఁకి రచయిత బాల్జాక్ విగ్రహం ఆర్డరిచ్చింది 1891లో. 1898లో నమూనా చూసి రచయితల సంఘం వద్దంది, పారిస్‌లో కంచు విగ్రహం నిలబడేసరికి 1939, అప్పటికి రోదాఁ పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అంత పెద్దాయనకే తప్పలేదు.

మట్టిచేయి:
అందరికీ చాలా థాంక్స్. కళ్ళజోడు ఉందట, రేపు పంపిస్తామన్నారు. మోల్డ్ వాయిదా వేశాను. విడిగా చేయాలంటే ఫ్రేము దేనితో చేయించాలి?

పోతపని:
ఇత్తడి కడ్డీ వంచి, చెవుల దగ్గర, ముక్కు మీద బ్రేజింగ్ (వేడితో లోహం కరిగించి అతికించడం) చేయించండి. అసలు ఫ్రేము కంటే కాస్త లావుగానే ఉండనివ్వండి, స్కూలు పిల్లలు పట్టుకుని లాగుతారు. అద్దాలు వద్దు. రంగు వేసే ముందే అతికించేయాలి, తర్వాతైతే ఆ వేడికి పాటినా (కంచు మీది రంగు పొర) పాడవుతుంది.